ఎవరైనా కొట్టారా?

బడి నుంచి ఫోన్ వచ్చేసరికి సాజిదా ముక్కుకు గుడ్డ కట్టుకుని మిరపకాయల రాశి ముందు కూర్చుని ఉంది. ఎర్రకాయ కుడివైపు, తెల్లబడిన తాలుకాయ ఎడమవైపు వేస్తోంది. ఫిబ్రవరి మొదటి వారం. పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. వేళ్ళు బిగుసుకుపోయి, పట్టుకున్న కాయను వదలడానికి ఆలస్యమవుతోంది. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు విప్పుకుని మళ్ళీ ఇంకో కాయ అందుకుంటోంది. కల్లంలో ఘాటుకు అందరి చేతులకూ ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆమె కూడా పట్టించుకోలేదు.

"అర్ఫా వాళ్ళమ్మేనా? ఒకసారి బడికి రండమ్మా. పాపకు నోరు మూతపడటం లేదు" అన్నాడు హెడ్మాస్టరు.

"మూతపడకపోవడం ఏంటండీ?"

"మీరు వచ్చి చూద్దురు గాని."

పక్క రాశి దగ్గర కూర్చున్న వెంకటరావమ్మ తలెత్తింది. ఆమె మనవరాలు కూడా అర్ఫాతో పాటు అయిదో తరగతే. "పద, నేనూ వస్తా" అంటూ చీర దులుపుకుని లేచింది.

ఎర్రచేలపాలెం బడి కల్లానికి ఎంతో దూరం లేదు. వరండాలో బెంచీ మీద అర్ఫా కూర్చుని ఉంది. నోరు ఇంత పెద్దగా తెరుచుకుని అట్లాగే నిలిచిపోయింది. గడ్డం ముందుకు పొడుచుకొచ్చింది. చెవుల ముందు గుంటలు పడ్డాయి. చొంగ కారి యూనిఫాం తడిసి ఒంటికి అతుక్కుంది. ఏడుపు గొంతులోంచి వస్తోంది కానీ అందులో మాట లేదు.

పక్కన క్రిస్టీనా టీచరు నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి. ఈ ఊరి పిల్లే, చర్చి వీధిలో తల్లి ప్రేమమ్మతో ఉంటుంది. క్లాసులో చాలా గట్టిమనిషని పేరు.

"ఏమైంది మేడం?"

"ఆవులించిందమ్మా. ఆ తర్వాత నోరు పడలేదు."

"ఆవులిస్తే నోరు ఆగిపోద్దా?"

క్రిస్టీనా చున్నీ కొసను చేతులకు చుట్టుకుంటూ హెడ్మాస్టరు గదివైపు చూసింది. సాజిదా కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు కనబడ్డాయి, ఎడమ చెంప కింద మూడు ఎర్రటి గుర్తులు. పక్కపక్కనే, వేళ్ళు ఆనినట్టు.

వెంకటరావమ్మ కూడా చూసింది. సాజిదా భుజాన్ని మోచేత్తో చిన్నగా పొడిచింది.

ఆటోలో అద్దంకి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి, బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, నోట్లో వెనక పళ్ళ మీద పెట్టి కిందకు నొక్కి వెనక్కి తోశాడు. లోపల ఏదో కదిలిన చప్పుడైంది. అర్ఫా నోరు మూతపడింది. అంటే ఎప్పుడూ ఎంత పడుతుందో అంత. ఆ పిల్ల పెదాలు కలవడం ఎవరూ చూడలేదు. వెనక పళ్ళు కరుచుకున్నా ముందు పళ్ళ మధ్య చిన్నవేలు దూరేంత సందు ఉంటుంది. నాయనమ్మ సర్దార్‌బీ రోజూ గడ్డం కింద తట్టి "నోరు ముయ్యవే, ఈగలు దూరతాయి" అంటూనే ఉంటుంది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ చెంప మీద గుర్తులు చూశాడు.

"దవడ జారింది. పిల్లల్లో ఇట్లా ఊరికే జారదు. ఎవరైనా కొట్టారా?"

సాజిదా వెంకటరావమ్మ వైపు చూసింది.

ఆ సాయంత్రం సిలార్ ఇంటికొచ్చేసరికి వాకిట్లో నలుగురున్నారు. సిలార్ మోపెడ్ మీద ఊళ్ళు తిరుగుతూ పరుపులు కుడతాడు. తల మీద, కనుబొమల మీద దూది నూగు ఉంది. అది దులుపుకోకుండానే కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"టీచరు కొట్టిందామ్మా?"

అర్ఫా నేల చూసింది. దాని మాట మొదటినుంచీ ముక్కులోంచి, ముద్దగా వస్తుంది. బయటివాళ్ళ ముందు నోరు విప్పదు.

"అడుగుతున్నానా? కొట్టిందా?"

తల ఊపింది.

"చేత్తోనా, బెత్తంతోనా?" అంది సర్దార్‌బీ.

మళ్ళీ తల ఊపింది. ఏది అడిగినా అట్లాగే ఊపుతుందని సాజిదాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట పైకి అనలేదు.

"మా మనవరాలు చెప్తానే ఉంది. దీన్ని అన్నాల దగ్గర విడిగా కూర్చోబెడతదంట" అంది వెంకటరావమ్మ. "పిల్లలందరూ తిని లేచిపోయినా దీన్ని లేవనివ్వదంట. పైగా ఫోన్లో ఫోటోలు తీస్తదంట, నోరు తెరిపించి మరీ."

"ఫోటోలా?" సిలార్ లేచాడు. "ఎందుకు?"

"నాకేం తెలుసయ్యా! మీ పిల్ల, మీరడగాలి."

సాజిదాకు పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. క్రిస్టీనా గేటు దగ్గర ఆపి, "పాప మొహం చూస్తుంటే నాకు అనుమానంగా ఉందమ్మా. పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించండి" అంది. ఇంకో రోజు కూడా అట్లాగే చెప్పింది. మొహం చూస్తుంటే అన్న మాట సాజిదా గుండెలో ముల్లులా దిగింది. తన పిల్ల అందంగా లేదని ఈవిడ చెప్పాలా? ఆ మాట ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ కలుపుకుంటే ముందునుంచే ఆవిడకు పిల్లంటే గిట్టదని తేలిపోయినట్టనిపించింది.

పడుకునే ముందు పాలలో నానబెట్టిన రొట్టె పెట్టింది. అర్ఫా ఒక్కో ముక్కనూ నాలుకతో అంగిలికి నొక్కి మింగుతోంది. చెంపలు కదలడం లేదు. నమలడమంటే దానికి ఎప్పుడూ అంతే. సాజిదా ఆ గుర్తుల మీద కొబ్బరినూనె రాసింది. అప్పటికే అవి వెలిసిపోయాయి.

మర్నాడు బడి దగ్గరకు ఇరవై మంది పోయారు. సిలార్ ముందు, వెనక సాజిదా. క్రిస్టీనా హెడ్మాస్టరు గదిలో కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"పిల్లను కొట్టే హక్కు నీకెవరిచ్చారు?" అన్నాడు సిలార్. ఎప్పుడూ గారూ అండీ అనే మనిషి ఆ రోజు అట్లా అన్నాడు.

"నేను కొట్టలేదండీ."

"మరి ఆ గుర్తులేంటి?"

క్రిస్టీనా నోరు తెరిచింది. చుట్టూ ఉన్న మొహాలు ఒకసారి చూసి మూసేసింది. ఆ మూసుకోవడం సాజిదా చూసింది. అబద్ధం చెప్పేవాళ్ళు అట్లాగే తడబడతారనుకుంది.

"విడిగా ఎందుకు కూర్చోబెడతావు? మా పిల్ల పక్కన కూర్చుంటే ఎవరికేమైపోద్ది?"

"అది తినడానికి ముప్పావు గంట పడుతుందమ్మా. మిగతా పిల్లలు నవ్వుతారు. గుడ్డు ముక్కలు చేసి నేనే పక్కన కూర్చుంటా. చిక్కీ కొరకలేదు, దంచి పెడతా. మీకు రెండుసార్లు చెప్పాను, చూపించమని."

"చెప్పిందా?" సిలార్ సాజిదా వైపు తిరిగాడు.

ఇరవై మంది చూస్తున్నారు. "నాకేం చెప్పలేదు" అంది సాజిదా.

క్రిస్టీనా ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. కోపంగా కాదు. క్లాసులో లెక్క తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసింది.

మండల విద్యాశాఖకు ఫిర్యాదు ఎవరో రాశారు. సాజిదా సంతకం పెట్టింది. రాసేవాడు ఆమె చేతిలోంచి పెన్ను తీసుకోబోతే అది వేళ్ళ మధ్యే ఉండిపోయింది. "ఇవ్వమ్మా" అన్నాడు విసుగ్గా. విచారణ అయ్యేదాకా సెలవులో ఉండమని హెడ్మాస్టరు క్రిస్టీనాతో మెల్లగా చెప్పాడు. ఆమె తన సంచీ, గొడుగు, అన్నం క్యారేజీ తీసుకుని జనం మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయింది. దారి ఇవ్వడానికి కొందరు పక్కకు జరిగారు. కొందరు జరగలేదు.

ఆదివారం సిలార్ మార్టూరు వైపు పనికి పోయాడు. సర్దార్‌బీ ఎండలో మంచం వేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సాజిదా లోపల అర్ఫాకు తల దువ్వుతోంది. నూనె రాస్తుంటే పిల్లకు నిద్ర వచ్చింది. ఆవులించింది.

టక్కుమని చప్పుడు.

సాజిదా దువ్వెన ఆపి ముందుకు వంగి చూసింది. నోరు అట్లాగే నిలిచిపోయింది. గడ్డం ముందుకొచ్చింది. చెవుల ముందు అవే గుంటలు. అర్ఫా కళ్ళు భయంతో తల్లి వైపు తిరిగాయి. ఆ గదిలో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు.

తన చెయ్యి కూతురి భుజం మీదుంది. చెంప మీద కాదు. అది తనకు తెలుసు. కానీ తను తప్ప చూసినవాళ్ళెవరు?

సర్దార్‌బీ పిల్ల ఏడుపు విని లోపలికొచ్చింది. మనవరాలి మొహం చూసింది. కోడలి చేతిలో దువ్వెన చూసింది.

"కొట్టావా?"

"లేదత్తా. ఆవులించింది, అంతే."

తన నోటి నుంచి ఆ మాట వచ్చాక గానీ, అంతకుముందు అది ఎవరి నోట విన్నదో సాజిదాకు గుర్తు రాలేదు.

"ఆవులిస్తే దవడ ఊడొస్తదా? తల దువ్వించుకోదని కొట్టుంటావు. వాడు రానీ చెప్తా" అంది సర్దార్‌బీ.

అద్దంకి డాక్టరు ఈసారి కూడా దవడను లోపలికి నొక్కాడు. పిల్ల వైపు తక్కువ, తల్లి వైపు ఎక్కువ చూశాడు. నర్సు అర్ఫాను పక్క గదిలోకి తీసుకెళ్ళి చేతులు, వీపు చూసింది. ఒంటి మీద ఎక్కడా గుర్తు లేదని నర్సు చెప్పినా డాక్టరు మొహం మారలేదు. చీటీ మీద ఏదో రాసి సాజిదాకు కాదు, అప్పుడే వచ్చిన సిలార్‌కు ఇచ్చాడు. "గుంటూరు తీసుకెళ్ళండి. పళ్ళ ఆస్పత్రిలో దవడ విభాగం ఉంటుంది. ఆలస్యం చెయ్యొద్దు."

బయటకొచ్చాక సిలార్ చెప్పులేసుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు. "నేను లేనప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరగలేదు."

"బళ్ళో టీచరు కూడా అదే అంది."

"అవును" అంది సాజిదా. "ఆవిడా అదే అంది."

గుంటూరు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీశారు. కుర్ర డాక్టర్లు ముగ్గురు చూశాక పెద్ద డాక్టరమ్మను పిలిచారు. నెరిసిన జుట్టు, మెడలో అద్దాలు వేలాడుతున్నాయి. ఆమె వెంటనే నోట్లో చూడలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని అర్ఫా మొహాన్నే చాలాసేపు చూస్తూ కూర్చుంది. పొడుగ్గా సాగిన మొహం, లోపలికి పోయిన కణతలు, త్రికోణంలా పైకి లేచి ఉండే పై పెదవి.

"గట్టిగా కళ్ళు మూసుకో తల్లీ."

అర్ఫా మూసుకుంది. గట్టిగా మూస్తే లోపలికి నలిగిపోవాల్సిన రెప్పల వెంట్రుకలు పూర్తిగా బయటే ఉన్నాయి.

"ఇప్పుడు పళ్ళు గట్టిగా కొరుకు."

డాక్టరమ్మ రెండు అరచేతులూ పిల్ల చెంపల మీద పెట్టింది. తర్వాత సిలార్‌ను పిలిచి అతని చేతులు కూడా అక్కడే పెట్టించింది. "ఏమైనా తగులుతోందా?"

"ఏం తగల్లేదండీ."

"ఇప్పుడు మీ చెంపల మీద చేతులు పెట్టుకుని కొరకండి."

సిలార్ కొరికాడు. వేళ్ళ కింద కండ రాయిలా లేచింది. మళ్ళీ కూతురి చెంప తాకి చూశాడు. మెత్తగా, తను పరుపులో కూరే దూదిలా ఉంది.

"ఆ కండ లేదు, అదీ సంగతి" అంది డాక్టరమ్మ. "ఎముక దానంతటదే పెరగదండీ. కండ లాగుతుంటే ఆ లాగుడును బట్టి దవడ రూపం తీసుకుంటుంది. ఈ పిల్లకు కండలో బలం లేదు కాబట్టి కింది దవడ చిన్నప్పటినుంచీ వేలాడుతూనే ఉంది. నోరు ఎప్పుడూ తెరిచి ఉంటే మొహం కిందకు పొడుగు సాగుతుంది, అంగిలి గూడులా పైకి పోతుంది, ముందు పళ్ళు కలవవు. కీలును పట్టి ఉంచాల్సింది కూడా కండలే. అవి వదులైతే పెద్దగా ఆవులించినా చాలు, కీలు ముందుకు జారిపోతుంది. తర్వాత నోరు మూతపడదు."

"అంటే ఎవరూ కొట్టలేదా?" అన్నాడు సిలార్.

"కొట్టక్కర్లేదు."

సాజిదా గోడకు ఆనుకుంది. డాక్టరమ్మ అప్పటిదాకా ఆమె వైపు చూడలేదు. ఇప్పుడు చూసింది. పిల్లను చూసినట్టే, తొందర లేకుండా, కళ్ళ రెప్పల నుంచి గడ్డం దాకా చూసింది. సాజిదాకు ఆ చూపు నచ్చలేదు. అద్దంకి డాక్టరు చూపే గుర్తొచ్చింది.

"నేనేం చెయ్యలేదండీ" అంది.

"తెలుసమ్మా. ఇట్లా రా. నా చెయ్యి పట్టుకో. ఇంకా గట్టిగా. ఊ, ఇప్పుడు ఠక్కున వదిలెయ్."

సాజిదా వదిలింది. వదిలాననుకుంది. వేళ్ళు డాక్టరమ్మ చేతి చుట్టూ అట్లాగే ఉన్నాయి. లాగింది. రాలేదు. ఒక్కో వేలూ నీళ్ళలో నానిన తాడు ముడిలా నెమ్మదిగా విడిపోయింది. కుర్ర డాక్టర్లు దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అది మిరపకాయల ఘాటుకండీ. చలికి కూడా. కల్లంలో అందరికీ…" అని ఆగిపోయింది. అందరికీ మంట పుడుతుంది. తన వేళ్ళలా బిగుసుకుపోవడం ఎవరి దగ్గరా చూడలేదు.

డాక్టరమ్మ సాజిదా బొటనవేలి మొదట్లో చిన్న సుత్తితో తట్టింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని అక్కడే ఉండిపోయింది.

"దీన్ని మయోటోనిక్ డిస్ట్రఫీ అంటారు. కండరాల జబ్బు. రక్త పరీక్ష చేసి ఖాయం చేసుకోవాలి, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు రాస్తాను. నీకు చేతుల దాకా వచ్చి ఆగింది. తల్లి నుంచి పిల్లకు వచ్చేటప్పుడు ఇది ఇంకా చిన్న వయసులోనే వస్తుంది, ఇంకా ఎక్కువగా వస్తుంది. ఇద్దరూ గుండె పరీక్ష చేయించుకోవాలి. ఎప్పుడైనా ఆపరేషన్ అంటే మత్తు ఇచ్చే ముందు ఈ కాగితం చూపించాలి. అది మరవొద్దు."

"తగ్గుద్దాండీ?" అన్నాడు సిలార్.

"పూర్తిగా పోదు. కానీ నోరు జారకుండా, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవచ్చు. మెత్తగా పెట్టండి, నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, తొందర పెట్టొద్దు. బళ్ళో ఎవరైనా ఇట్లా కూర్చోబెట్టి తినిపిస్తున్నారా? పిల్ల బరువు బాగానే ఉంది. ఈ స్థితిలో ఇంత బరువుండటం తక్కువ."

సాజిదా నేల వైపు చూసింది. "ఉన్నారండీ" అంది.

తిరుగు బస్సులో అర్ఫా తండ్రి ఒళ్ళో నిద్రపోయింది. బస్సు చిలకలూరిపేట దాటింది. కిటికీ బయట పత్తి చేలు ఏరుడు అయిపోయి, మోళ్ళు మిగిలి ఉన్నాయి.

"నీ చేతుల సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలిస్తే చెప్పనా?"

"టీచరు చెప్పింది కూడా చెప్పలేదుగా."

ఇద్దరి మధ్యా పిల్ల కాళ్ళున్నాయి. సిలార్ వాటిని సర్ది తన వైపు జరుపుకున్నాడు. జరుపుకుంటున్నది పిల్లను తననుంచి దూరంగానా, లేక జారిపోకుండానా అని సాజిదా చాలాసేపు చూసింది. తేల్చుకోలేకపోయింది.

మరుసటి రోజు కల్లానికి పోకుండా మండల విద్యాశాఖ ఆఫీసుకు పోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని చెప్పింది. అక్కడి గుమాస్తా కాగితం తీసి చూసి, ఆమెను చూశాడు.

"ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ."

"రాజీ చేసుకున్నారా?"

"లేదండీ. ఆవిడ కొట్టలేదు."

"అప్పుడు కొట్టిందని రాశారు కదమ్మా."

"తప్పు రాశాం."

అతను నమ్మలేదు. నమ్మనట్టు తెలిసేలాగే కాగితం ముందుకు తోశాడు. సాజిదా రాసింది. పెన్ను వెంటనే వదలలేకపోయింది. ఈసారి ఎడమచేత్తో వేళ్ళు విప్పుకుని పెన్ను బల్ల మీద పెట్టింది.

అక్కడినుంచి చర్చి వీధికి పోయింది. గుమ్మంలో ప్రేమమ్మ ఉంది. వయసంతా చేలల్లో నడుం వంచి కూతుర్ని టీచరు చేసిన మనిషి. గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఇంకేం రాయించుకోడానికొచ్చావు?"

"కాగితం వెనక్కి తీసుకున్నా ప్రేమమ్మత్తా."

"కాగితాలు ఆఫీసులో ఉంటాయి. మా పిల్ల వీధిలో నడవాలి. నిన్న కూరగాయల బండి దగ్గర ఒకతి తన పిల్లను వెనక్కి లాక్కుంది, మా పిల్ల కొడతదని. నువ్వు ఇరవై మందిని తీసుకొచ్చి అన్నావు. ఒక్కదానివే వచ్చి లేదంటే సరిపోద్దా?"

వెనక నుంచి క్రిస్టీనా వచ్చింది. తల దువ్వుకోలేదు. మనిషి వారంలోనే చిక్కిపోయింది.

"ఆ గుర్తులు నావే" అంది, ఎవరూ అడక్కుండానే. "నోరు మూతపడకపోయేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెంప పట్టుకుని పైకి నొక్కాను. గట్టిగానే నొక్కాను. ఏడ్చింది. ఆ రోజే చెబుదామనుకున్నా. అంతమందిలో నా వేళ్ళే అంటే ఇంక మిగతాది ఎవరు వింటారు?"

"ఫోటోలు?"

"నా స్నేహితురాలు నర్సు. ఆవిడకు పంపించా, ఏమై ఉంటుందని. ముందు మిమ్మల్ని అడగాల్సింది. అది నా తప్పు."

"మీరు నాకు రెండుసార్లు చెప్పారు. అందరి ముందూ లేదన్నాను" అంది సాజిదా.

"అన్నారు" అంది క్రిస్టీనా. లోపలికి రమ్మనలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళకు సాజిదా కల్లానికి చేరింది. వేపచెట్టు నీడలో నలభై మంది ఆడవాళ్ళు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. ఘాటుకు దారిలోనే మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పింది. ఇది చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పని నెమ్మదిగా సాగేవాళ్ళను మేస్త్రి మర్నాడు పిలవడు. అత్త జీవితాంతం ఎత్తిపొడుస్తుంది. చెప్పకుండా ఉండటానికి ఒక్క దారి ఉంది. టీచరు మీద పడిన మాట అట్లాగే ఉండనివ్వాలి.

"క్రిస్టీనా టీచరు మా పిల్లను కొట్టలేదు" అంది గట్టిగా. "కండల జబ్బు. గుంటూరులో తేల్చారు. ఆ జబ్బుకే దవడ జారుతుంది. ఆదివారం నా చేతుల్లోనే జారింది."

నమిలే చప్పుళ్ళు ఆగాయి.

"ఎంత ముట్టజెప్పారే?" అంది వెంకటరావమ్మ. నవ్వుతూనే అంది, కానీ కళ్ళు నవ్వలేదు. "మొన్న కొట్టిందన్నావు. ఇవ్వాళ జబ్బంటున్నావు. ఆ జబ్బు ఎక్కడినుంచి ఊడిపడింది?"

"నా నుంచి అక్కా" అంది సాజిదా. "నాకుంది. నా కడుపున పుట్టింది కాబట్టి దానికి వచ్చింది."

అంచున కూర్చున్న పడుచుపిల్ల ఒకతి అడిగింది. "అంటుకుంటదా?"

"అంటుకోదు. రక్తంలో వచ్చేది."

పిల్ల తల ఊపింది. అయినా తన మంచినీళ్ళ సీసా కొంచెం దగ్గరకు జరుపుకుంది. వెంకటరావమ్మ చెయ్యి కడుక్కుని లేచి, రాశి దగ్గరకు పోతూ ఆగింది. "నేనూ ఊరంతా చెప్పాగా" అంది సగం తనలోనే. "మా మనవరాలు అన్నం విడిగా పెడతదని, ఫోటో తీసిందని మాత్రమే అంది. మిగతాది నేనే కలుపుకున్నా." సాయంత్రం మేస్త్రి సాజిదాకు రేపు రమ్మని చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు.

ఇంట్లో సర్దార్‌బీ రెండు రోజులు కోడలి మొహం చూడలేదు. మూడో రోజు రోట్లో అన్నం, పప్పు వేసి మెత్తగా నూరి, గిన్నె తెచ్చి సాజిదా ముందు పెట్టింది. "దానికి పెట్టు" అంది.

సోమవారం క్రిస్టీనా బడికి వచ్చిందని తెలిసి, సాజిదా తనే అర్ఫాను తీసుకెళ్ళింది. గేటు దగ్గర ఇంకో ఇద్దరు తల్లులున్నారు. క్రిస్టీనా హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని వరండాలో నిలబడి ఉంది. నవ్వలేదు. పలకరించలేదు. సాజిదా పిల్లను మెట్ల దగ్గర వదిలి వెనక్కి తిరిగింది.

"అర్ఫా వాళ్ళమ్మా."

ఆగింది.

"ఆవులింత వస్తే ఏం చెయ్యాలన్నారు డాక్టరు గారు?"

సాజిదా వెనక్కొచ్చింది. పిడికిలి బిగించి తన గడ్డం కింద ఆనించి చూపించింది. "ఇట్లా పట్టుకుని ఆవులించాలంట. నోరు రెండు వేళ్ళ కన్నా ఎక్కువ తెరుచుకోకూడదు. అది మర్చిపోతుంది మేడం. గుర్తుచెయ్యాలి."

క్రిస్టీనా పుస్తకం మెట్టు మీద పెట్టి తన గడ్డం కింద పిడికిలి పెట్టుకుంది. "ఇట్లానా?"

"ఇంకొంచెం ముందుకు."

ఆమె సర్దుకుంది. ఒకసారి ఆవులించినట్టు చేసి చూసింది. తర్వాత పుస్తకం తీసుకుని, అర్ఫా భుజం మీద చెయ్యి వేసి లోపలికి పోయింది.

సాజిదా గేటు దాకా వెళ్ళింది గానీ బయటకు పోలేకపోయింది. గోడ పక్కనుంచి వచ్చి అయిదో తరగతి కిటికీ దగ్గర నిలబడింది. లోపల క్రిస్టీనా గొంతు వినిపిస్తోంది, ఎప్పటిలాగే గట్టిగా.

"ఈ రోజు నుంచి మన క్లాసులో ఎవరికి ఆవులింత వచ్చినా ఇట్లాగే చెయ్యాలి. ఒక్కరు కాదు, అందరూ. ఏదీ, చెయ్యండి చూస్తా."

ముప్పై మంది పిల్లలు ముప్పై పిడికిళ్ళు గడ్డాల కింద పెట్టుకున్నారు. కొందరు నవ్వుతున్నారు. మూడో వరసలో అర్ఫా కూడా పెట్టుకుంది. ఆ వరసలో అందరిలాగే ఉంది.